సంతకం పెట్టి బయట కూర్చోవడమేనా?

పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న పసిబిడ్డకు జరిగే వైద్యం పూర్తిగా డాక్టర్ల వ్యవహారమనీ, కన్నవారు చేయవలసిందల్లా కాగితాలు సమకూర్చి, చూపించిన చోట సంతకం పెట్టి, ఐసీయూ తలుపు బయట మొక్కుకుంటూ కూర్చోవడమేననీ ఒక అభిప్రాయం సమాజంలో గట్టిగా పాతుకుపోయింది. చదువురానివారి మాటగా దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఇంటి పెద్దలు దీన్ని ఎంత నమ్మకంగా చెబుతారో, నగరాల్లోని ఆసుపత్రుల నిర్వాహకులు చాలామంది అంతే నమ్మకంగా ఆచరిస్తారు. ఈ అభిప్రాయం వైద్యశాస్త్రానికి విరుద్ధమైనది, ఆచరణలో బిడ్డకు హాని చేసేది, గోదావరి పాయల నడుమ ఉండి గుండె శస్త్రచికిత్స కేంద్రాలకు దూరమైన కోనసీమ వంటి సీమకు బొత్తిగా పనికిరానిది.

ఈ అభిప్రాయానికి ఇటీవలి కాలంలో బలం పోసినది ఒక మంచి పథకమే కావడం గమనించదగ్గది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, అదే సంవత్సరం చివరికి ఉభయ గోదావరి జిల్లాలకు విస్తరించిన ఆరోగ్యశ్రీ, పిల్లల గుండె ఆపరేషన్‌ను పేద కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతూ వచ్చినా పథకం మాత్రం నిలిచింది. 2021 అక్టోబరు 11న తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించడంతో రాష్ట్రంలోనే పసిపిల్లల గుండెకు ప్రత్యేకించిన ఆసుపత్రి ఒకటి ఏర్పడింది. పొలమో పుస్తెలో అమ్ముకోవలసివచ్చిన కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు. అయితే పథకం ఆపరేషన్‌కు ఇంత అని ఖరీదు కడుతుంది, ఖరీదు కట్టినదే వైద్యమనీ కట్టనిది వైద్యం కాదనీ అనుకోవడం క్రమంగా అందరికీ అలవాటైంది. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర అనుమతి రాగానే కుటుంబం గండం గడిచిందనుకుంటుంది, ఆసుపత్రి తన పని మొదలైందనుకుంటుంది. ఆ అనుమతికి ముందు గడిచిన నెలలూ, ఆపరేషన్ తరువాత గడవబోయే నెలలూ ఎవరి లెక్కలోకీ రావు.

వ్యాధి స్వభావం తెలిస్తే ఈ లెక్క ఎంత తప్పో తెలుస్తుంది. పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో సుమారు ఎనిమిది, తొమ్మిది మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాటిలో ఎక్కువగా కనిపించేది గుండె కింది గదుల నడుమ గోడలో రంధ్రం. వైద్యులు దీన్ని వీఎస్‌డీ అంటారు, ఇళ్ళల్లో గుండెకు చిల్లు అంటారు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉండడం వల్ల ఆ రంధ్రం గుండా రక్తం అంతగా పారదు, బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది, పురిటి ఆసుపత్రివారు నిశ్చింతగా ఇంటికి పంపుతారు. నాలుగు నుంచి ఆరు వారాలు గడిచేసరికి ఆ ఒత్తిడి తగ్గిపోయి, రంధ్రం పెద్దదైతే రక్తం ఊపిరితిత్తుల్లోకి పోటెత్తి, బిడ్డకు ఆయాసం మొదలవుతుంది. అంటే జబ్బు తన రూపం చూపించేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. చూడవలసినది డాక్టరు కాదు, బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న మనిషి.

ఆ మనిషి చూసేదేమిటో దగ్గరగా పరిశీలించాలి. బిడ్డ రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది, ఆయాసం తీర్చుకుని మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదిలేస్తుంది. ఫ్యాను కిందనే ఉన్నా నుదుటి మీద చెమట ముత్యాల్లా పడుతుంది. అరగంట గడిచినా కడుపు నిండకుండానే అలసి నిద్రపోతుంది, గంట తిరక్కుండానే ఆకలికి ఏడుస్తుంది. పది నిమిషాల పరీక్షలో నిద్రపోతున్న బిడ్డను చూసే వైద్యునికి ఇవేవీ కనిపించవు. పాలు తక్కువయ్యాయనీ, దిష్టి తగిలిందనీ ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. నిద్రపోతున్న బిడ్డ పొట్ట కదలికను నిండా ఒక నిమిషం పాటు గడియారం పట్టుకుని లెక్కపెట్టడం ఏ తల్లికైనా, తండ్రికైనా సాధ్యమే: రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకు మించి శ్వాసలుంటే అది ఆలస్యం చేయకూడని సూచన అని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతారు. కార్యకర్తకు నేర్పగలిగినది కన్నతల్లికి నేర్పడానికి అడ్డేమిటో చెప్పినవారు లేరు.

చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. పెద్దవాటికి ఆపరేషన్ తప్పదు, దానికి ముందు బిడ్డ బరువు పెరగడం అవసరం, బరువు పెరగాలంటే పాలు దిగాలి, ఈ గుండెకు పాలు తాగడమే పెద్ద శ్రమ. అందుచేత పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో రెండు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పట్టడం, వైద్యులు చెప్పినప్పుడు ముక్కు గొట్టం ద్వారా పంపడం, ఒంట్లో చేరిన నీరు తీసే మందును చుక్కల లెక్కన తప్పకుండా వేయడం, వారం వారం బరువు రాసుకోవడం అన్నవి ఆపరేషన్‌కు ముందరి తతంగం కావు, అవే వైద్యంలో మొదటి సగం. శస్త్రచికిత్స నిపుణుడు బల్ల మీద చూసే బిడ్డ ఎంత బలంగా ఉన్నదన్నది ఆ నెలల్లో ఇంట్లో జరిగిన పని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ పని చేసినవారిని ఆసుపత్రికి రాగానే ‘అటెండెంట్లు’ అని పిలిచి బయట నిలబెట్టడం, పంట పెంచిన రైతును కోతల నాడు గట్టు మీద నిలబెట్టినట్టే ఉంటుంది.

నీలం బిడ్డల విషయం ఇంకా కఠినమైనది. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే స్థితిలో గుండెలో రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకైపోయి, ప్రాణవాయువు అందని రక్తం శరీరమంతా తిరగడం వల్ల పెదవులు, గోళ్ళు నీలం తిరుగుతాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెలెన్ టాసిగ్ ఆలోచన మీద, వివియన్ థామస్ ప్రయోగశాలలో సాధించిన పద్ధతి మీద ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ 1944 నవంబరులో ఇటువంటి బిడ్డకు తొలి ఆపరేషన్ చేసిన నాటి నుంచి ఈ స్థితికి చికిత్స ఉన్నది. కాని ఆపరేషన్ జరిగే లోపల ఏ తెల్లవారుజామునో ఏడ్చి ఏడ్చి బిడ్డ హఠాత్తుగా నల్లబడి వాలిపోవచ్చు. అప్పుడు వెంటనే చేయవలసినది మోకాళ్ళు మడిచి బిడ్డ రొమ్ముకు ఆనించి, భుజానికి హత్తుకుని, ఏడుపు మాన్పించడం. కాళ్ళు మడవడం వల్ల శరీరంలోని ధమనుల్లో ఒత్తిడి పెరిగి రక్తం మళ్ళీ ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుంది. ఆ తరువాతే 108 వాహనం, ఆ తరువాతే ఆసుపత్రి.

భూగోళం ఇక్కడ వాదంలోకి రాక తప్పదు. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చిన ఈ కోనసీమ నుంచి పసిబిడ్డ గుండె ఆపరేషన్ కోసం విజయవాడకో, విశాఖపట్నానికో, హైదరాబాదుకో, తిరుపతికో వెళ్ళవలసిందే. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. రాజోలు వైపు నుంచి వచ్చేవారు దిండి వంతెన మీదుగానో బోడసకుర్రు వంతెన మీదుగానో, కొత్తపేట వైపు వారు రావులపాలెం మీదుగానో, అమలాపురం వారు ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వైపుకో పోవాలి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల్లో దారులు మునిగి జనం పడవల మీద తిరగవలసి వచ్చింది. అటువంటి దారిలో బిడ్డ నల్లబడితే పక్కన ఉండేది నిపుణుడు కాదు, తల్లో తండ్రో అమ్మమ్మో. వారికి మోకాళ్ళు మడిచే పద్ధతి బొమ్మ మీద పెట్టి రెండుసార్లు చేయించి చూపకుండా బిడ్డను ఇంటికి పంపిన ఆసుపత్రి తన కర్తవ్యంలో సగం వదిలేసినట్టే.

కన్నవారిని ఐసీయూ బయట ఉంచడానికి చెప్పే కారణాల్లో మొదటిది సూక్ష్మక్రిముల భయం. భయం నిజమైనదే, ఛాతీ తెరిచిన బిడ్డ దగ్గరకు జలుబు చేసిన మనిషి రావడం ఎవరూ కోరరు. కాని చేతులు కడుక్కోవడం, గౌను తొడుక్కోవడం నేర్చుకున్న తల్లి, రోజుకు పది మంచాలు తిరిగే చేతులకంటే ఎందుకు ఎక్కువ ప్రమాదమో ఎవరూ వివరించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో భారతదేశంతో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, తక్కువ బరువుతో పుట్టిన శిశువులను పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు హత్తి ఉంచి, తల్లిని ఐసీయూలోనే ఉండనిచ్చినప్పుడు, తొలి 28 రోజుల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ శిశువులు గుండె ఆపరేషన్ జరిగినవారు కారన్నది నిజమే, ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడికి ఎత్తుకురావడం సరికాదు. అయినా తల్లి లోపలికి రాగానే క్రిములు వచ్చేస్తాయన్న వాదానికి మాత్రం అది సూటి సమాధానం. భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ కూడా 2017లోనే జబ్బుపడిన నవజాత శిశువుల సంరక్షణలో కుటుంబాన్ని భాగస్వామిగా చేసుకోవాలని మార్గదర్శకాలు విడుదల చేసింది. బ్రిటన్‌లో 1950ల దాకా తల్లిదండ్రులను పిల్లల వార్డులోకి వారానికి కొన్ని గంటలకు మించి రానిచ్చేవారు కారు. ఆసుపత్రిలో ఒంటరిగా మిగిలిన రెండేళ్ళ పాప స్థితిని జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమాగా తీసి చూపినప్పుడు వైద్యులే ముందు కోప్పడ్డారు, 1959లో ఆసుపత్రుల్లో పిల్లల సంక్షేమంపై వచ్చిన ప్లాట్ నివేదిక ఆ తలుపులు తెరవమని సిఫారసు చేసింది. ఆరు దశాబ్దాల క్రితం ఇంకొక దేశం వదిలించుకున్న అలవాటును ఇక్కడ శాస్త్రమని చెలామణి చేయడం వింతగా ఉన్నది.

రెండో కారణం, పసిబిడ్డకు ఏమీ తెలియదన్నది. తల్లి ఉన్నా లేకపోయినా ఒకటేనని, పెద్దయ్యాక గుర్తుండదని అంటారు. ఈ మాటకు వైద్య చరిత్రలో చీకటి పుట ఒకటి ఉన్నది. పసిబిడ్డకు నొప్పి తెలియదన్న నమ్మకంతో 1980ల వరకు చాలాచోట్ల నవజాత శిశువులకు చాలినంత నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు చేశారు. కన్వల్‌జీత్ ఆనంద్ అనే భారతీయ వైద్యుడు ఆక్స్‌ఫర్డ్‌లో, గుండె దగ్గరి పీడీఏ అనే నాళాన్ని ముడివేసే ఆపరేషన్ జరిగిన నెలలు నిండని శిశువులను పరిశీలించి, నొప్పి మందు ఇచ్చిన శిశువులు తక్కువ చిక్కులతో కోలుకున్నారని 1987లో నిరూపించాకే ఆ నమ్మకం కూలింది. పసిబిడ్డకు ఏమీ తెలియదన్న మాట ఒకసారి పిల్లల ఒంటి మీదే అబద్ధమని తేలింది, రెండోసారి తేలేదాకా ఆగనక్కరలేదు. సూది గుచ్చేటప్పుడు రొమ్ము నోట్లో ఉన్న బిడ్డకు బాధ తగ్గుతుందన్నది ఇప్పుడు వైద్యులందరూ ఒప్పుకున్న సంగతి.

ఆసుపత్రులనే తప్పుపట్టి ఊరుకుంటే వాదం ఏకపక్షమవుతుంది. తల్లిని బిడ్డకు దూరం చేయడంలో ఇంటి పెద్దలది తక్కువ పాత్ర కాదు. బాలింతను ప్రయాణం చేయించకూడదన్న కట్టుబాటు వల్ల పదిహేను రోజుల బిడ్డను నాన్నమ్మో మేనమామో ఎత్తుకుని కాకినాడకు పోతారు, తల్లి పుట్టింట్లో పథ్యం తింటూ రొమ్ములు గడ్డకట్టి ఏడుస్తుంటుంది, బిడ్డకు డబ్బాపాలు మొదలవుతాయి. బాలింతకు విశ్రాంతి కావాలన్నది మంచి మాటే. కాని విశ్రాంతికి గోడ అవసరం లేదు, ఆసుపత్రిలో ఒక మంచం చాలు. ఇక నింద సంగతి. గ్రహణం నాడు కదిలిందనీ, కడుపుతో ఉండగా ఫలానాది తిన్నదనీ కోడలి మీద వేసే నేరాలకు అంతులేదు. గర్భంలో గుండె నాలుగు గదులుగా ఏర్పడే పని ఎనిమిదో వారానికే పూర్తవుతుంది. తనకు గర్భం నిలిచిందని చాలామంది స్త్రీలకు గట్టిగా తెలిసే నాటికే ఆ పని సగం దాటి ఉంటుంది. అదుపులేని మధుమేహం, గర్భిణికి సోకే రుబెల్లా, కొన్ని మందులు, డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోము మార్పులు కారణాలుగా తెలిసినవే గాని, చాలామంది బిడ్డల విషయంలో ఏ ఒక్క కారణమూ తేలదు. మేనరికం వల్ల ఈ లోపాల అవకాశం కొంత పెరుగుతుందన్నది నిజం, అయితే మేనరికం కుదిర్చిన పెద్దలే ఆ పిల్లను తప్పుపట్టడం ఏ న్యాయమో వారే చెప్పాలి. తప్పు చేశానన్న కుంగుబాటులో ఉన్న తల్లి డాక్టరును ప్రశ్న అడగలేదు. ప్రశ్న అడగని తల్లి ఇంటికి వెళ్ళి మందు చుక్కల లెక్క తప్పుతుంది. నింద బిడ్డ ఆరోగ్యాన్ని తాకే దారి ఇది.

బిడ్డ ఆడపిల్ల అయినప్పుడు ఇంకొక మాట చేరుతుంది: రొమ్ము మీద కోత పడ్డ పిల్లను రేపెవరు చేసుకుంటారని. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించాలని చెప్పిన మగపిల్లల్లో నూటికి 70 మందికి అది జరిగితే, ఆడపిల్లల్లో 44 మందికే జరిగింది. అది ఉత్తరాది లెక్క అని తప్పుకోవడం తేలిక. కోనసీమలో ఆ మాట వినపడదని ప్రమాణం చేయగలవారు మాత్రం అరుదు.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక మొదలయ్యే పని గురించి పథకానికీ ఆసుపత్రికీ పట్టింపు తక్కువ. రొమ్ము ఎముక కోసి కలిపిన బిడ్డను కొన్ని వారాల పాటు చంకల కింద పట్టి ఎత్తకూడదు. ఒక చేయి తల కింద, ఒక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. గోదావరి జిల్లాల్లో నూనె పట్టించి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసే అమ్మమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ఆసుపత్రివారు తండ్రికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి చెప్పామంటారు. బిడ్డకు నీళ్ళు పోసేది తండ్రి కాదు. పాలపళ్ళు వచ్చాక వాటిని శుభ్రంగా ఉంచకపోతే నోటిలోని క్రిములు రక్తంలో చేరి గుండె లోపలి పొరకు పట్టే అవకాశం ఉన్నదని, కాబట్టి పళ్ళు తోమడం కూడా గుండె వైద్యంలో భాగమని చెప్పినవారు ఇంకా తక్కువ. టీకాలు ఎప్పుడు, జ్వరం వస్తే ఏ మందు ఆపాలి, గుండె స్కానింగ్ (ఎకో) మళ్ళీ ఎప్పుడు అన్నవన్నీ రాజోలు పక్క పల్లెలో ఒక ఇంట్లో నిర్ణయమవుతాయి.

ఈ వాదానికి ఎదురుగా నిలవగలిగిన ప్రశ్న ఒకటి ఉన్నది. కన్నవారిని నర్సులుగా చేసి ప్రభుత్వం తన బాధ్యత తప్పించుకుంటుందని, ఆ భారమంతా చివరికి తల్లి నెత్తినే పడుతుందని స్త్రీల పక్షాన ఆలోచించేవారు అంటారు. అనుమానం సబబైనదే. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పనిలో రోజుకూలీకి పోయే తల్లికి ఆసుపత్రిలో గడిపిన ప్రతి రోజూ పోయిన కూలి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఇళ్ళల్లో పనిచేస్తున్న తల్లులు, నాలుగు రాళ్ళు పంపుతూ ఫోనులో బిడ్డ ఏడుపు వినేవారు, ఈ సీమలో ఎందరో ఉన్నారు; అక్కడ ‘కన్నవారు’ అంటే నిజానికి అమ్మమ్మ. అందుకే తల్లిదండ్రులు లోపలికి రావాలన్న వాదం, వారి కూలికీ తిండికీ పడకకూ బాధ్యత తీసుకోవాలన్న వాదంతో కలిసే ఉండాలి. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ తరువాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు సరైన సూత్రాన్నే పట్టుకున్నది. కాని గుండెజబ్బు బిడ్డ విషయంలో కూలి పోయేది రోగికి కాదు, ఎత్తుకున్న మనిషికి. పోవడం మొదలయ్యేది ఆపరేషన్ తరువాత కాదు, జబ్బు తెలిసిన నాటి నుంచి. ఆ తేడాను గుర్తించని సాయం సగమే.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. పుట్టిన రోజు గడిచాక బిడ్డ కుడిచేతికీ ఒక పాదానికీ చిన్న యంత్రం తగిలించి రక్తంలో ప్రాణవాయువు శాతం చూసే పరీక్ష ప్రతి పురిటి ఆసుపత్రిలోనూ జరగాలి. 2013లో ఏర్పడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుండె లోపాలను తన జాబితాలో ఎప్పుడో చేర్చింది కాబట్టి దీనికి కొత్త ఉత్తర్వు కూడా అక్కరలేదు. అనుమతి కాగితంతో పాటు ఆరోగ్యమిత్ర తెలుగులో బొమ్మలతో ఉన్న ఒక పుస్తకాన్ని ఇచ్చి, అందులోని పనులు ఇంట్లో నిజంగా చేసేవారి చేత ఒకసారి చేయించి చూడాలి. ఊళ్ళోని ఏఎన్‌ఎం వారానికోసారి ఆ బిడ్డ బరువు చూడాలి. ఐసీయూలో రోజుకు ఇన్ని గంటలు తల్లికో తండ్రికో హక్కుగా ఉండాలి, దయగా కాదు.

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్న తల్లిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. ఆ మొక్కు మనసుకు బలం ఇస్తుంది. కాని ఆమె చేయగలిగింది అంతేనని ఆమెకు నచ్చజెప్పిన వారందరూ, తెల్లకోటు వేసుకున్నవారైనా, ఇంటి పెద్దలైనా, ఆ బిడ్డ వైద్యాన్ని సగంలో ఆపినవారే.